ద్వీపభోజన మీమాంస

అండమాను దీవులకు విహారార్థము పోయి వచ్చిన మన పట్టణవాసులలో ఇటీవల ఒక నూతన పాండిత్యము ప్రబలుచున్నది. అది సముద్రమును గూర్చినదియు కాదు, 1906లో నిర్మాణము ముగిసిన సెల్యులర్ జైలును గూర్చినదియు కాదు. అచట ఏ హోటలులో తినవలెనను విషయమును గూర్చినది. ఈ పండితుల సిద్ధాంతమొక్కటే: యాత్రికులు తినుచోట తినరాదు, స్థానికులు తినుచోటనే అచ్చమైన ద్వీపభోజనము లభించును. వినుటకు వేదవాక్యమువలె గంభీరముగనే యున్నది. కాని ఆ స్థానికులెవరో ఏ పండితుడును విచారించిన జాడ లేదు.

1858లో ఆంగ్లేయులు ఖైదీలకొరకు అచట వలస నెలకొల్పినది మొదలు, ఆ దీవులలో ఊళ్లు కట్టుకొన్నవారందఱును ఓడ దిగినవారే. ఖైదీల తరువాత అడవులు కొట్టుటకు రాంచీ ప్రాంతపు కూలీలు, 1921 తిరుగుబాటు పిమ్మట మలబారు మాప్పిళ్లలు, బర్మానుండి కరెనులు, దేశవిభజనానంతరము తూర్పు బెంగాలు కాందిశీకులు, తమిళులు, మన శ్రీకాకుళ విశాఖ తీరములనుండి వలలు భుజమున వేసికొని తరలిన జాలరులు. ఎవరి మూకుడు వారు తెచ్చుకొనిరి, ఎవరి పోపు వారు పెట్టుకొనిరి. కావున హేవ్‌లాక్ దీవిలో (2018లో ప్రభుత్వమువారు దానికి స్వరాజ్ ద్వీపమని నామకరణము చేసినను, పడవ టిక్కెట్టు కొనువారి నాలుకపై ఆ ఆంగ్ల సేనాని యింకను కొలువు చాలింపలేదు) స్థానికుని యింట ఉడుకునది ఆవనూనె ఘాటుతో కూడిన బెంగాలీ చేపలకూర; పోర్ట్‌బ్లెయిర్‌లో మన జాలరి యింట ఉడుకునది చింతపండు పులుసు. నిక్కముగ ఆ నేలకే చెందిన ఆహారమనగా ఆదివాసులగు జరావాలది, ఓంగీలది: అడవిపంది, తేనె, చేప. వారి అరణ్యములలో అన్యులు అడుగిడరాదని శాసనమున్నది. అది న్యాయమైన శాసనము. కనుక అచ్చమైన ద్వీపభోజనమునకై పట్టుబట్టువానికి చట్టసమ్మతముగ మిగులునది ఉపవాసమొక్కటియే.

అయినను పండితుడు ఉపవసింపడు. సెల్‌ఫోనులో నక్షత్రములు లెక్కించి, వెదురు కప్పుతోను గవ్వల తోరణములతోను విలసిల్లు నొక భోజనశాల ముందు, తనవంటి యాత్రికులే బారులు తీరియుండగా, స్థానికులు తినుచోటు ఇదియేయని నిశ్చయించుకొని నిలుచును. మంచుగడ్డలపై పరచిన వంజరమును వ్రేలితో పొడిచి చూచును గాని, మొప్ప యెత్తి దాని యెరుపు చూడవలెనని ఎరుగడు. జాబితాలో అన్నిటికిని వెల యుండును, పెద్ద సముద్రపు రొయ్యకు మాత్రము "బరువునుబట్టి" అని యుండును. వడ్డనవాడు దానిని మీసములు పట్టి యెత్తి చూపును. కుటుంబమంతయు దానితో ఫొటో దిగును. తూకము సంగతి ఎవరికిని స్ఫురింపదు, బిల్లు వచ్చునంతవరకు. ఇంతలో పెద్దాయన పనీరు బటర్ మసాలా తెప్పించును, పిల్లలు నూడుల్స్ అడుగుదురు, ఇల్లాలు సంచిలోనుండి గోంగూర పచ్చడి సీసా తీయును. ఆ బల్లమీద ఆ సముద్రమున పుట్టినది రొయ్య యొక్కటే. అదియు వెన్న వెల్లుల్లి ముద్దలో మునిగి తన రుచి తానే మరచియున్నది. నా మట్టుకు నాకు ఆ గోంగూరయే ఆ పూటకు నిజాయితీగల వంటకముగ తోచును.

అంతటితో పండితుని జిజ్ఞాస చల్లారదు. బిల్లు చెల్లించి, వడ్డనవానిని దరికి పిలిచి, రహస్యమడుగువానివలె గొంతు తగ్గించి, "బాబూ, మీరెక్కడ తిందురు?" అని ప్రశ్నించును. వాడు "మేమా అండీ? వెనుక వంటింటిలో. మాకు వేరే వండుకొందుము, అన్నమును చేపల పులుసును" అని యథార్థము పలుకును. అచట బల్లలెన్ని యున్నవో, రేపటికి నలుగురికి రిజర్వు చేయవలెనన్న ఎవరిని అడుగవలెనో పండితుడు తక్షణమే విచారించును.