మరరంప పద్యానికి టీకా తాత్పర్యం

మూలం:

పొట్టు దులిపి గొలుసు పొడుగునా పదునెత్తి
నూనె పోసి బద్ద నునుపు చేసి
మాపటేళ గొలుచు మరరంపమును వాడె
కోతకెదురు నిలిచి కూలి దెచ్చు

అవతారిక: పత్తికీ మిరపకీ పేరుపడ్డ సీమలో రంపం మీద పద్యమేమిటని శంకించరాదు. ప్రకాశం మెట్టల్లో సుబాబుల్, జామాయిల్ తోటలు కొల్లలు. అక్కడి మొద్దులు లారీలెక్కి సారపాక మిల్లుకో రాజమహేంద్రవరం మిల్లుకో పోయి కాగితమవుతాయి. ఈ టీక అచ్చయ్యే కాగితం కూడా ఆ మొద్దుల్లోదే కావచ్చు గనుక విషయం అప్రస్తుతం కాదు.

పొట్టు దులిపి: ఇది వడ్రంగి ముంగిట రాలే ఎండుపొట్టు కాదు. నూనెలో తడిసి, పచ్చి బెరడు పీచుతో కలిసి ముద్దయిన పదార్థం. పళ్ళచక్రం మూత లోపల, బద్ద గాడిలో, నూనె ఊరే సన్నని రంధ్రంలో, ఎయిర్ ఫిల్టర్ మీద దీని నివాసం. దులిపే ముందు ఇంజిన్ ఆపి ప్లగ్గు తొడుగు ఊడదీయాలని అధ్యాహారం చేసుకోవాలి. ఛందస్సులో ఇమడక కవి దాన్ని వదిలేశాడు, వేళ్ళున్నవాళ్ళు వదలకూడదు. ఫిల్టరుకు గాలి కొట్టేటప్పుడు లోపలి నుంచి బయటికి కొట్టాలి. తలకిందులుగా కొడితే దుమ్ము ఇంకా లోతుకు దూరుతుంది.

పొడుగునా పదునెత్తి: కవి ప్రతిభంతా ‘పొడుగునా’ అన్న మాటలో ఉంది. గొలుసులో కుడి పన్ను, ఎడమ పన్ను వంతులవారీగా వస్తాయి. చేతికి అనువైన వైపు గట్టిగా, రెండో వైపు మొక్కుబడిగా రాస్తే కోత వంకర పోతుంది. గొలుసు సైజుకు తగిన గుండ్రటి ఆకురాయి తీసుకుని, సాధారణంగా 30 డిగ్రీల వాలున, లోపలి నుంచి బయటికి ఒకే దిక్కున తోయాలి. ప్రతి పన్నుకూ అన్నే రాపులు. పన్ను ముందుండే పొట్టి మెట్టు పన్ను మొనకన్నా 0.65 మి.మీ. కిందికి ఉంటే చాలు. దాన్ని అతిగా అరగదీస్తే రంపం కర్రను కొరకబోయి మనిషిని గుంజుతుంది.

పదును తెలిసేదెలా? ప్రత్యక్ష ప్రమాణమే. పదునుంటే పెచ్చులు రాలతాయి, పోతే పిండి రాలుతుంది. సుబాబుల్ మోడు మళ్ళీ చిగుర్చాలని చెట్టును నేలకు దగ్గరగా కోస్తారు. అక్కడే చిక్కు. గొలుసు ఒక్క క్షణం మట్టికి తగిలిందా, పొద్దున పట్టిన పదును మధ్యాహ్నానికి లేదు.

నూనె పోసి: శ్లేష. రంపానికి రెండు నూనెలు. పెట్రోల్లో కలిపే టూ స్ట్రోక్ ఆయిల్ ఒకటి. 50:1 అని రాసి ఉంటే లీటరుకు 20 మి.లీ. గొలుసును తడిపేది రెండోది. రెండో దానికి కాలిన ఇంజిన్ ఆయిల్ చాలదా అని పూర్వపక్షం. చాలదని సిద్ధాంతం: అందులోని ఇనుప రజను గాడినీ నూనె పంపునీ తింటుంది, ఆ తుంపర మనిషి ఒంటికీ చేటు. ఊరికే వస్తుంది గనుక పూర్వపక్షమే ఊళ్ళలో గెలుస్తున్నది.

బద్ద: గొలుసు పరుగెత్తే పట్టీ. అంచుల్లో లేచిన రజను చదును ఆకురాయితో తీసి, బద్దను తిరగేసి బిగిస్తే రెండంచులూ సమంగా అరుగుతాయి.

మాపటేళ: తెల్లవారితే ముద్ద గట్టిపడి గీకాల్సి వస్తుంది గనుక. అయినా ఇంజిన్ చల్లారాకే కొలువు.

విశేషం: ఇందులో విరోధాభాసం ఉంది. 1987-88లో ఆ సీమ పత్తి రైతును కూల్చింది చీడపురుగు. పురుగుమందుల అప్పులకు జడిసినవాళ్ళకు సుబాబుల్ నిమ్మళమైన పైరుగా తోచింది. ఆ సుబాబుల్‌ను కోసే గొలుసు మాత్రం పురుగు దగ్గర నేర్చిన విద్యే. 1946లో అమెరికాలోని ఒరెగాన్‌లో జోసెఫ్ కాక్స్ అనే ఆయన, మొద్దులో ఓ పురుగు కుడిఎడమలకు దవడలాడిస్తూ నిలువుకూ అడ్డానికీ తొలుచుకుపోవడం చూసి, ఆ దవడల తీరున గొలుసు పళ్ళు మలిచాడు. మరుసటి ఏడే అమ్మకానికి పెట్టాడు. ఇవాళ్టి గొలుసు పళ్ళు చాలావరకు ఆ వంశానివే.

తాత్పర్యం: సాయంత్రం రంపాన్ని చూసుకున్నవాడికి పొద్దున పనీ, పనికి కూలీ.

పాఠాంతరం: నాలుగో పాదాన్ని కొందరు ‘కోతకెదురు నిలిచి కాలు దక్కు’ అని చదువుతారు. మొద్దుబారిన గొలుసును బలంగా నొక్కాల్సి వస్తుంది, పట్టు తప్పుతుంది. బద్ద కొన దేనికైనా తగిలితే రంపం ఎగదన్నుతుంది. గొలుసు వదులైతే గాడి తప్పుతుంది. అందుకని ఆ పాఠం. అయితే కో-కాలకు యతి కుదరదని లాక్షణికులు దాన్ని తోసిపుచ్చారు. మిస్త్రీలు ఇప్పటికీ అదే చదువుతున్నారు.