ఒక కంప్యూటర్, ఇద్దరు సార్లు

కంప్యూటర్ రోజంతా ఖాళీగానే ఉంటుందట. మనం ఒక అక్షరం కొట్టి రెండోది వెతుక్కునేలోగా ప్రాసెసర్ కోట్ల లెక్కలు చేసేసి గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటుందట. కాబట్టి అంత బలమైన యంత్రం ముందు ఒక్కరినే కూర్చోబెట్టడం దండుగ, ఇద్దరినో నలుగురినో కూర్చోబెట్టాలంటారు. సాంకేతికంగా వంక పెట్టడానికేమీ లేదు. నా పేచీ అల్లా, ఈ పొదుపు ఎప్పుడూ సర్కారు బడిలోనే మొదలై అక్కడే ఎందుకు ఆగిపోతుందని.

2008లో ఉమ్మడి రాష్ట్రంలో 5,000 సర్కారు బళ్లకు కంప్యూటర్ చదువు తెస్తామన్నప్పుడు ఎన్‌కంప్యూటింగ్ అనే అమెరికా కంపెనీ పరికరాలు తెప్పించారు. పీసీలో ఒక కార్డు, దాన్నుంచి పది మీటర్ల లోపు కేబుళ్లు, వాటి చివర అరచేతిలో పట్టే డబ్బాలు. డబ్బాకో మానిటర్, కీబోర్డు, మౌస్. డబ్బాకు సొంత బుర్ర ఉండదు, ఆలోచనంతా పీసీదే. డబ్బా ఒక్క వాటు కరెంటుతో నడుస్తుందని కంపెనీ ప్రచారం. పక్కనున్న మానిటర్ తాగే కరెంటు ఆ లెక్కలోకి రాదు, అది చుట్టం కాబోలు!

ఇక క్లాసు ఎలా సాగుతుందో ఊహించుకోవచ్చు. ఒకడు పెయింట్‌లో జెండా గీస్తుంటాడు. పక్కవాడు వీడియో పెడతాడు. వెంటనే మూల నుంచి “సార్, నా దాంట్ల మౌస్ కదుల్తలేదు” అని కేక. అసలు పీసీ ముందున్న బుద్ధిమంతుడు తన పని అయిందని షట్‌డౌన్ నొక్కుతాడు. మిగతావాళ్ల జెండాలన్నీ సేవ్ కాకుండానే అవనతం.

ఇదేమీ కొత్త విద్య కాదు. 1961లోనే అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కార్బాటో బృందం ఒక ఐబీఎం యంత్రాన్ని ఒకేసారి పలువురు వాడుకునేలా చేసి చూపించింది. అప్పుడు యంత్రం బంగారం, మనిషి సమయం చవక. తర్వాత యంత్రం చవకైంది. మన పిల్లల సమయం మాత్రం పాత రేటులోనే ఉండిపోయింది.

సరే, ఖాళీగా ఉండటమే అర్హత అనుకుందాం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఏ ఆఫీసుకైనా వెళ్లి లోపలి గదిలో పెద్దసారు బల్ల చూడండి. కీబోర్డు మీద పూల కవరు, మానిటర్ నుదుట దసరా నాటి కుంకుమ బొట్టు. బొట్టు ఇంకా చెదరలేదంటే ఆ ప్రాసెసర్ ఎంత విశ్రాంతిలో ఉందో చెప్పడానికి ఇంజనీరు అక్కర్లేదు. పనంతా బయటి గదిలో ఆపరేటర్ పిల్లవాడు, నత్తనడక పీసీ మీద లాగిస్తుంటాడు. లోపలి దాన్నుంచి అతనికో కేబుల్ లాగుదామని ఏ కమిటీకీ తోచలేదు.

2016 అక్టోబరు 11న నల్లగొండ జిల్లా నల్లగొండ, సూర్యాపేట, భువనగిరి అని మూడు జిల్లాలైంది. సూర్యాపేట, కోదాడ కొత్త సూర్యాపేట జిల్లాలోకి వెళ్లాయి, మిర్యాలగూడ పాతదాంట్లోనే మిగిలింది. అప్పుడైనా ఎవరో ఒకరు లేచి, “శక్తిమంతమైన కలెక్టర్ గారు నల్లగొండలో ఒక్కరే చాలు, సూర్యాపేటకూ భువనగిరికీ తలా ఒక డబ్బా పెడదాం” అనాల్సింది. అనలేదు. ముగ్గురు కలెక్టర్లు, మూడు కలెక్టరేట్లు. పాలన ప్రజల ముంగిటికి రావాలంటే అంతే మరి. చదువు పిల్లల ముంగిటికి రావడానికి మాత్రం కేబుల్ చాలు!

అందుకే నా ప్రతిపాదన. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లోనే ప్రయోగం మొదలుపెడదాం: ఆఫీసుకు ఒక్క మంచి కంప్యూటర్, ఇద్దరేసి సార్లు. గోప్యత పోతుందంటారు, కానీ ఎవరి లాగిన్ వారిదే. స్పీడు రాదంటారు. ఫైలు కదిలే స్పీడుకు అది ఎక్కువే. మామూలు విండోస్ ఒకసారి ఒకరినే కూర్చోనిస్తుందని ఎవరైనా మెలిక పెడితే లైనక్స్ వేద్దాం, 2012 నాటి ఫెడోరా 17లోనే ఈ ఏర్పాటు ఉంది. రెండో గ్రాఫిక్స్ కార్డు, రెండో మానిటర్, రెండో కీబోర్డు, రెండో మౌస్ తగిలిస్తే చాలు. షట్‌డౌన్ ఎవరు నొక్కాలన్నది సీనియారిటీ లిస్టు చూసి తేల్చుకోవచ్చు.