స్వింగు నిర్ణయ చంద్రిక: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక

తణుకు చెరకుకూ వరికీ పేరుపడ్డ ఊరు. నన్నయభట్టు ఇక్కడ యజ్ఞం చేశాడని ప్రతీతి ఉంది గనక, టీకలు రాసేవాళ్లకూ ఇక్కడ కొంత హక్కుంది. గోల్ఫు మైదానం మాత్రం లేదు. ఆ ఆట కళ్లారా చూడాలంటే ఇటు విశాఖపట్నం ఈస్ట్ పాయింట్ క్లబ్బుకైనా పోవాలి, అటు గోల్కొండ కోటను ఆనుకున్న హైదరాబాదు గోల్ఫ్ క్లబ్బుకైనా పోవాలి.

అయినా మా పక్కింటి రైసుమిల్లు ఆసామి పెరట్లో గోల్ఫు నడుస్తోంది. వాళ్లబ్బాయి టెక్సాస్‌లో ఉంటాడు. సంక్రాంతికి వస్తూ సెవెన్ ఐరననే గోల్ఫు కర్ర ఒకటీ కొన్ని బంతులూ తెచ్చి, "వాకింగు ఎలాగూ చెయ్యవు, ఇదన్నా ఆడు నాన్నా" అని చేతిలో పెట్టి వెళ్లాడు. ఆకివీడు వైపు చేపల చెరువుల మీద పక్షులు వాలకుండా కట్టే వల ఒకటి తెప్పించి, రెండు కొబ్బరిచెట్ల మధ్య బిగించారు. గుమ్మం ముందరి కొబ్బరిపీచు పట్టా మీద బంతి పెట్టారు.

ఇక వాట్సాప్‌లో ఉపదేశ పరంపర మొదలైంది. ఒక వీడియోలో గురువు వంచమన్న కీలును ఇంకో వీడియోలో గురువు చాపమంటాడు. చివరికి అబ్బాయి అన్నిటి సారమూ పిండి ఒక వాయిస్ మెసేజ్ పంపాడు. దాన్ని ఈ టీకాకారుడు, రిటైరైన తెలుగు మాస్టారు గనక ఊరుకోలేక, పద్యం చేశాడు. మల్లినాథసూరి మన మెదకు సీమవాడు; మూలంలో లేనిది ఒక్క ముక్కా రాయనని ఒట్టు పెట్టుకుని మరీ రాశాడు. మేము అలాంటి ఒట్టేమీ పెట్టుకోలేదని పాఠకులు గమనించగలరు.

మూలం

ఆ. తలను దించి చూడు తాకెడి బంతిని
ఎడమ చేయి వంచకెత్తు కఱ్ఱ
నడుము తిప్పి కొట్టు నాన్నరో! భుజముతో
కాదు సుమ్ము వినుము కన్నతండ్రి!

ప్రతిపదార్థం

నాన్నరో = ఓ తండ్రీ; తలను దించి = శిరస్సును వంచి, అనగా బంతి ఎక్కడ పడిందో చూడాలన్న ఆత్రాన్ని అణుచుకుని; తాకెడి బంతిని = తగలవలసిన బంతిని (తగిలిందని కవి అనలేదు); చూడు = కనిపెట్టి ఉండుము; ఎడమ చేయి = కుడిచేతివాటం వాడికి ముందుండే చేయి; వంచక = మోచేతి దగ్గర మడవకుండా; కఱ్ఱ = సెవెన్ ఐరను (పేరుకే కర్ర, వస్తువు ఉక్కు); ఎత్తు = లేపుము; నడుము తిప్పి = కటిని భ్రమింపజేసి; కొట్టు = ప్రహరింపుము; భుజముతో కాదు సుమ్ము = భుజబలం ఇక్కడ పనికిరాదు సుమా; కన్నతండ్రి = నన్ను కన్నవాడా; వినుము = ఈసారైనా ఆలకింపుము.

తాత్పర్యం

నాన్నా, తల ఎత్తకు, మోచేయి మడవకు, భుజంతో బాదకు. నడుముతో కొట్టు, అని కొడుకు తండ్రికి హితవు చెబుతున్నాడు. పద్యం ఇంత తేలిక గనక టీక కొంచెం పెద్దదవుతుంది.

విశేషాలు

తలను దించి. గోల్ఫులో బంతి ఎటు పోయినా పక్కన నిలబడ్డవాడు "తలెత్తేశారండీ" అంటాడు. అన్నవాడికి ఖర్చు లేదు, విన్నవాడికి జవాబు లేదు. కానీ స్వీడన్ ఆటగత్తె అనికా సోరెన్‌స్టామ్ తల, కర్ర బంతిని తాకే సమయానికే గమ్యం వైపు తిరిగిపోయి ఉండేది. ఆవిడ మేజర్లనే పెద్ద పోటీలు పది గెలిచింది. 2001లో ఒక రౌండు 59 దెబ్బల్లో ముగించింది. అదే ఏడు బ్రిటిష్ ఓపెన్ గెలిచిన డేవిడ్ డువాల్‌దీ అదే అలవాటు. కాబట్టి "దించి" అంటే గడ్డం రొమ్ముకు అదిమిపెట్టమని కాదు. అలా అదిమితే ఎడమ భుజం గడ్డం కింద నుంచి తిరగడానికి చోటే ఉండదు.

ఎడమ చేయి వంచక. చేయి చాచి ఉంటే కర్ర గీసే చాపం సమంగా ఉంటుంది; పైన మడిచిన మోచేతిని కిందికి వచ్చేలోగా మళ్లీ సరిగ్గా చాపాలి, అదొక అదనపు పని. యుక్తి బాగానే ఉంది. అయితే 1896కూ 1914కూ మధ్య బ్రిటిష్ ఓపెన్ ఆరుసార్లు గెలిచిన హ్యారీ వార్డన్ ఎడమ మోచేయి పైన నిక్షేపంగా వంగేది. అమెరికా ఆటగాడు కాల్విన్ పీట్ సంగతి ఇంకా చిత్రం. చిన్నతనంలో మోచేయి విరిగి సరిగ్గా అతుక్కోలేదు. ఆ చేయి చాపమన్నా చాపలేడు. అతను పీజీఏ టూర్‌లో పన్నెండు టోర్నీలు గెలిచాడు. 1981 నుంచి 1990 దాకా వరసగా పదేళ్లు, తొలిదెబ్బకు బంతిని దారి తప్పించకుండా కొట్టడంలో అతనే మొదటివాడు.

నడుము తిప్పి. ఇది పద్యానికి ఆయువుపట్టు. గోల్ఫు ఆటగాడు బెన్ హోగన్ 1957లో వెలువరించిన ఐదు పాఠాల పుస్తకంలో కిందికి వచ్చే దెబ్బను నడుమే మొదలుపెట్టాలన్నాడు. పైకి ఎత్తేటప్పుడు భుజాలు ఎక్కువ తిరిగి నడుము తక్కువ తిరిగితే మధ్యలో మెలి పడుతుంది, ఆ మెలిలోనే బలం ఉందని 1992లో జిమ్ మెక్లీన్ అనే గురువు 'ఎక్స్ ఫ్యాక్టర్' పేరుతో ప్రచారం చేశాడు. మెలి పడాలంటే మొదట నడుము మెలి తిరిగేదై ఉండాలి కదా.

ఇక్కడ మన కథానాయకుణ్ణి ఒకసారి చూడాలి. పంచె మోకాళ్ల పైకి ఎగగట్టి, రెండు మడమలూ పీచుపట్టాకు అతికించి నిలబడతారు. కర్ర చెవి దాకా లేచేసరికి నడుము ఇక తిరగనంటుంది. అక్కణ్ణుంచి పైకి మిగిలిన ప్రయాణమంతా మోచేతులదీ భుజాలదే. దిగేటప్పుడు కుడి భుజం ముందు దూకుతుంది. కర్ర బయటినుంచి లోపలికి కోసుకొస్తుంది. కర్ర ముఖం కుడికి తెరుచుకుని బంతిని తాకుతుంది. బంతి వల అంచు తప్పించుకుని, గోడ దాటి, అవతలింటి పిన్నిగారి డాబా మీద ఆరబోసిన గుమ్మడి వడియాల మధ్య స్థిరపడుతుంది. "మాస్టారూ, ఆయన్ని కాస్త ఎడమపక్కకి కొట్టమనండి" అని పిన్నిగారు చేసే విజ్ఞప్తిలో ఏ గురువూ చెప్పనంత శాస్త్రం ఉంది. దాని సంగతి సిద్ధాంతంలో చూద్దాం.

ఈ నడుముకు పాత గురువులే మేలు. 1930లో ఒకే ఏడు నాలుగు పెద్ద పోటీలూ గెలిచిన బాబీ జోన్స్, పద్దెనిమిది మేజర్ల జాక్ నిక్లాస్, ఇద్దరూ కర్ర ఎత్తేటప్పుడు ఎడమ మడమ లేవనిచ్చేవారు. మడమ లేస్తే నడుము దానంతటదే తిరుగుతుంది. మూలంలో మడమ ప్రసక్తే లేదు.

నాన్నరో, కన్నతండ్రి. ఒకే పద్యంలో రెండు సంబోధనలు పునరుక్తి దోషం కాదా? కాదు. మొదటిది ప్రేమ, రెండోది, ఎన్నిసార్లు చెప్పినా వినని మనిషి మీద విసుగు. తండ్రికి క్రియలన్నీ ఏకవచనంలో ఉండటం గోదావరి జిల్లాల ఇళ్లలో చనువే గాని అవిధేయత కాదు.

మతభేదాలు

హోగన్ మతంలో ఆటగాడు తన భుజాల మీద ఒక వాలు గాజుపలక ఆనించి ఉందని, అది బంతి దాకా దిగిందని ఊహించుకోవాలి. ఎత్తేటప్పుడు చేతులు ఆ గాజును పగలగొట్టకూడదు. 2005లో జిమ్ హార్డీ అనే గురువు స్వింగులన్నిటినీ, అంటే కర్ర ఊపే తీరులన్నిటినీ, రెండు కుప్పలు పోశాడు. భుజాలు తిరిగే తలంలోనే చేతులూ తిరిగితే ఏకతలం. భుజాలు అడ్డంగా తిరుగుతుంటే చేతులు నిలువుగా పైకి లేస్తే ద్వితలం. మొదటిదానికి బాగా ముందుకు వంగి నిలబడాలి, నడుములో దమ్ముండాలి. రెండోదానికి నిటారుగా నిలబడితే చాలు. అయితే చేతులూ ఒళ్లూ ఒకేసారి కిందికి చేరేలా లయ కుదరాలి. 2007లో బెన్నెట్, ప్లమ్మర్ అనే ఇద్దరు 'స్టాక్ అండ్ టిల్ట్' పేరుతో మూడో మతం చెప్పారు: బరువు కుడికాలి మీదికి పోనక్కరలేదు, మొదటినుంచీ ఎడమకాలి మీదే ఉంచండి అని. అద్వైత, ద్వైత, విశిష్టాద్వైతాలను ఒకే అరుగు మీద కూర్చోబెట్టిన దేశస్థులం. మూడు మతాలకు మనం బెదరనక్కరలేదు.

బెదరవలసింది వేరొకదానికి. ఒక మతానికి ఒప్పయినది ఇంకొక మతానికి తప్పు అవుతుందని హార్డీయే హెచ్చరించాడు. సోమవారం ఏకతల గురువు చెప్పిన నడుమూ, మంగళవారం ద్వితల గురువు చెప్పిన చేతులూ ఒకే ఒంట్లో చేరితే అది సంకరం. మన ఆసామి ఫోనులో ఉన్నది ఇదే.

శంకలు, సమాధానాలు

శంక: కర్రాబిళ్ళ ఆడిన చేతికి ఇన్ని మతాలెందుకు? గాల్లోకి లేచిన బిళ్ళను చూసి కొట్టలేదా? సమాధానం: అక్కడ బిళ్ళ గాల్లో ఉంటుంది, ఆలోచించే వ్యవధి ఉండదు గనక చెయ్యి తనకు తెలిసినట్టు కొడుతుంది. ఇక్కడ బంతి కదలక మెదలక ఎదురు చూస్తుంది. ఆ తీరికలో చూసిన వీడియోలన్నీ గుర్తుకొస్తాయి.

శంక: నియమానికొక భంగం చూపించారు గదా, అయితే ఎలా ఊపినా ఒకటేనా? సమాధానం: కాదు. కర్ర బంతిని అంటిపెట్టుకుని ఉండేది సెకనులో సుమారు రెండువేలో వంతు. ఆ క్షణంలో కర్ర ముఖం ఎటు చూస్తోంది, ఏ దారిన వస్తోంది, ఎంత వేగంతో వస్తోంది అన్నదే బంతికి తెలుసు. అంతకుముందు జరిగిన కథ తెలియదు. జిమ్ ఫ్యూరిక్ అనే ఆటగాడి కర్ర పైన పెద్ద మెలిక తిరిగి కిందికి వస్తుంది. ఏ పుస్తకమూ అలా తిప్పమనదు. అతను 2003లో యూఎస్ ఓపెన్ గెలిచాడు, 2016లో ఒక రౌండు 58కి ఆడాడు. దారి ఎంత వంకరైనా ఆ క్షణానికి ముఖం తిన్నగా, ప్రతిసారీ ఒకేలా వస్తే చాలు.

శంక: మనవాళ్లలో దృష్టాంతం ఉందా? సమాధానం: ఉంది. సాహిత్ తీగల అనే గోల్ఫు ఆటగాడు. తల్లిదండ్రులు హైదరాబాదు నుంచి వెళ్లిన తెలుగువాళ్లు. తను 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. వెన్నెముకకు చిన్నప్పటినుంచీ వంపు ఉంది, స్కోలియోసిస్ అంటారు. అతని స్వింగు ఆ వెన్నుకు తగ్గట్టు పెరిగిందే గాని, పుస్తకంలో బొమ్మకు తగ్గట్టు వెన్ను తిప్పుకున్నది కాదు. 2020లో అమెరికా కాలేజీ గోల్ఫులో హాస్కిన్స్, హోగన్, నిక్లాస్ అవార్డులు మూడూ అతనికే వచ్చాయి. 2023 సెప్టెంబరులో నాపాలో ఫార్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు.

సిద్ధాంతం

ప్రతి సూత్రం వెనకా ఒక మనిషి ఒళ్లుంది. హోగన్ కుర్రతనమంతా బంతి ఎడమకు వంకర తిరిగిపోయే హుక్కుతో బాధపడ్డాడు. పుస్తకంలో ఆయన చూపిన పట్టు ఆ హుక్కుకు విరుగుడు. బంతి కుడికి పోయే స్లైసు ఉన్నవాడు అదే పట్టు పడితే బంతి ఇంకా కుడికి పోతుంది. కాబట్టి మతం ఎంచుకునేముందు అడగవలసింది ఏది గొప్పదని కాదు; చెప్పినవాడి ఇబ్బందీ మన ఇబ్బందీ ఒకటేనా అని.

ఇక పిన్నిగారి వాదం. బంతి ఎటు బయల్దేరుతుందో కర్ర దారే నిర్ణయిస్తుందని పాత పుస్తకాలు చెప్పేవి. డెన్మార్కు ట్రాక్‌మ్యాన్ వంటి రాడార్లు వచ్చి కొలిచాక, బయల్దేరే దిక్కును ఎక్కువగా కర్ర ముఖమే నిర్ణయిస్తుందని తేలింది. ముఖానికీ దారికీ ఉన్న తేడాను బట్టి తరవాతి వంపు వస్తుంది. ముఖాన్ని అదుపు చేసేది పట్టు. తలా చెయ్యీ నడుమూ భుజమూ చెప్పిన మన కవి పిడికిలిని పూర్తిగా మరిచాడు. మేము ఒట్టు పెట్టుకోనిది ఇందుకే.

కావున నిర్ణయం: ఎడమ పిడికిలిని కర్ర మీద కాస్త కుడికి తిప్పి, పైనుంచి చూస్తే రెండు మూడు కణుపులు కనిపించేలా పట్టుకోవాలి. వేళ్లు పొట్టివైతే కుడి చిటికెనవేలిని ఎడమ చూపుడువేలితో పెనవేసుకోవచ్చు. నిక్లాసూ టైగర్ వుడ్సూ పట్టింది అలాగే. ద్వితల మతం స్వీకరించి, నిటారుగా నిలబడి, ఎడమ మడమ లేవనివ్వాలి. మోచేయి కొంచెం వంగితే కాల్విన్ పీట్‌ను తలుచుకోవాలి. కర్ర చెవి దాటి వెళ్లనక్కరలేదు. ఈ పంట చేతికొచ్చేదాకా ఇంకో వీడియో తెరవరాదు.

ఇందుకు ప్రమాణమేమిటంటే: వీడియో శబ్ద ప్రమాణం, రాడారు లెక్క అనుమాన ప్రమాణం, ప్రత్యక్షం మాత్రం కొట్టినవాడి చేతిదే. 2024 టూర్ ఛాంపియన్‌షిప్ మూడో రౌండులో సాహిత్ ఇసుకగుంటలోంచి కొట్టబోతూ, కర్ర వెనక్కి తీసేటప్పుడు ఇసుకను రాసుకున్నట్టు తనకు అనిపించిందని, తనే చెప్పి రెండు దెబ్బల జరిమానా వేయించుకున్నాడు. ఆ పోటీలో చివరికి మూడోస్థానంలో నిలిచాడు. ఇసుకరేణువులు తగిలితే తెలిసే చేతికి ఏ స్వింగు తనకు పొసగుతుందో తెలియదా? తెలుస్తుంది, దాని మాట విననిస్తే.

గద్య

ఇది గోస్తనీ తీరస్థ తణుకుపుర వాస్తవ్య, రిటైర్డు తెలుగు మాస్టారు, పార్శ్వగృహ పెరటి ప్రేక్షక విరచితంబైన స్వింగు నిర్ణయ చంద్రికయందు లోహదండ ప్రకరణము సంపూర్ణము. టెక్సాస్ నుండి పుట్టింగు గూర్చి మరియొక వాయిస్ మెసేజ్ వచ్చియున్నది. ఆసామిగారు దానిని వినకుండ డిలీట్ చేసిరి గావున, దానికి టీక లేదు.