పన్నెండు పళ్ల బావ

మఠంపల్లి సెంటర్లో టీ కొట్టు ముందు బండి ఆగితే సగం మంది నడిపేవాడి మొహం చూస్తారు, మిగతా సగం వెనక కూర్చుందెవరో చూస్తారు. గ్లాసులోని టీ చొక్కా మీద ఒలుకుతున్నా పట్టించుకోకుండా, మెడ పక్కకి వంచి, వెనక చక్రం దగ్గర పెదాలు కదుపుతూ ఏదో లెక్కపెడుతున్న మనిషి కనిపిస్తే ఆయనే మా బావ. నాకు వరసకి బావ, ఊరికి స్పాకెట్ బావ. చైను తిరిగే పళ్లచక్రాన్ని కంపెనీవాళ్లు స్ప్రాకెట్ అని రాస్తారు గానీ మా మెకానిక్ షెడ్లలో ఆ 'ర'కారం ఎప్పుడో అరిగిపోయింది.

పెళ్లిచూపులకి వెళ్లినప్పుడు కాబోయే మామగారి బండికి చైను బిగించి వచ్చాడు. అమ్మాయి ఎట్లుందిరా అని ఇంటికొచ్చాక వాళ్లమ్మ అడిగితే, "బాగా వదులైపోయిందమ్మా, రెండు పాయింట్లు లాగిన" అన్నాడట. సంబంధం కుదిరింది. మామగారికి అల్లుడు నచ్చాడు మరి.

కొత్తవాడు దొరికితే బావ మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే.

"తమ్ముడూ, ముందెన్ని?"

"ముందు నేనొక్కణ్ణే అన్నా. వెనక మా చెల్లె కూర్చుంటది."

"పళ్లురా!"

ఆ కుర్రాడు నోరు మూసుకుంటాడు. ఇక పాఠం మొదలు. ఇంజను పక్కన చిన్న పళ్లచక్రం, వెనక టైరు పక్కన పెద్ద పళ్లచక్రం, రెంటినీ కలిపేది చైను. వెనక పళ్లని ముందు పళ్లతో భాగిస్తే వచ్చేదే బండి జాతకం. ముందు 13, వెనక 40 ఉన్నాయనుకో, 3.08. ముందు ఒక్క పన్ను తగ్గించి 12 వేస్తే 3.33. అంటే లాగుడు 8 శాతం పెరిగినట్టు. అదే పని వెనకనుంచి చేయాలంటే 40 తీసి 43 వేయాలి. "ముందొకటి తీస్తే వెనక మూడేసినట్టేరా తమ్ముడూ" అని బావ ఆపుతాడు. ఇంతవరకూ ఆయన చెప్పేదాంట్లో అబద్ధం అక్షరమైనా ఉండదు. ఎగతాళి చేసేవాళ్లు ఈ లెక్క దాటాక చేసుకోవాలి.

దాటాక ఏముందంటే, పెరిగిన లాగుడు ఊరికే రాదు. ఇదివరకు 100లో పోయినప్పుడు ఇంజను ఎంత అరిచేదో, ఇప్పుడు 92కే అంత అరుస్తుంది. చిన్న చక్రం చుట్టూ చైను ఇంకా ఎక్కువ ఒంగాలి, పన్నెండు పళ్లంటే పన్నుకి 30 డిగ్రీలు. తొందరగా అరుగుతుంది, స్వింగార్మ్ మీద రబ్బరు పట్టీని రాసుకుంటుంది. మీటరు గనక గేర్‌బాక్సు దగ్గర్నుంచి లెక్క తీసుకునే రకమైతే దానికి పన్ను పోయిన సంగతి తెలీదు. బండి 92లో పోతున్నా పాపం 100 చూపిస్తూనే ఉంటుంది. బావకి ఈ కిటుకు క్షుణ్ణంగా తెలుసు. తెలిసే "నిన్న హుజూర్‌నగర్ రోడ్డు మీద వంద కొట్టిన" అంటాడు. మీటరు సాక్ష్యం ఉందిగా.

ఈ జబ్బు ఆయనకి ఒక్కరోజులో రాలేదు. 2015లో బెంగళూరు కుర్రాడు సి.ఎస్. సంతోష్ బైకు మీద డాకర్ ర్యాలీ ఆఖరిదాకా పూర్తిచేసిన తొలి భారతీయుడయ్యాడు, 36వ స్థానంలో. అప్పుడు అంటుకుంది. 2019లో హీరోవాళ్లు ఎక్స్‌పల్స్ 200 బండిని లక్షలోపు ధరకి దింపేసరికి ముదిరింది. మిరప పంట డబ్బులు చేతికి రాగానే బావ బండి తెచ్చాడు. పూజ చేయించకముందే చైను కవరు విప్పాడు.

ఇప్పుడు ఆయన ఇంట్లో పళ్లచక్రం లేని గది లేదు. తీసేసిన పెద్ద చక్రాల్లో ఒకటి అత్తయ్య వేడి అన్నం గిన్నె కింద కుదురుగా వాడుతోంది, ఇంకోటి తులసికోట పక్కన పిచ్చుకల నీళ్ల మూకుడు మోస్తోంది. ముందు వేసే చిన్నవి పట్టాదారు పాసుపుస్తకం ఎగిరిపోకుండా బరువు. తన ఆధార్ నంబరు అడిగితే బావ జేబు తడుముకుంటాడు. 428 చైనుకి పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం 12.7 మిల్లీమీటర్లనీ, 520కైతే 15.875 అనీ నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఫోన్ తెర మీద ఓ గడ్డం దొర బొమ్మ ఉంటుంది. పేరు హన్స్ రెనాల్డ్. స్విట్జర్లాండ్‌లో పుట్టి, మాంచెస్టర్ చేరి, 1880లో ఈ బుష్ రోలర్ చైను కనిపెట్టిన మహానుభావుడు. మా ఊళ్లో చాలామంది ఆయన్ని బావ తరఫు తాతగారనుకుంటున్నారు.

సామాను కోసం ఆయన తిరిగే తిరుగుడు వేరే కథ. కంపెనీ చైన్ సెట్టు కోదాడలో దొరుకుతుంది, కోయంబత్తూరు సరుకు రోలాన్ కూడా దొరుకుతుంది. కానీ షాపులో దొరికేది వేసుకుంటే అందరికీ ఈయనకీ తేడా ఏముంది? పాత ఇనుములో ఏదైనా పనికొచ్చేది పడుతుందేమోనని విజయవాడ ఆటోనగర్ పోతాడు. అక్కడా లేకపోతే మిర్యాలగూడ. అక్కడ రైసు మిల్లుల ఎలివేటర్లకి పళ్లచక్రాలు కోసే లేత్ మిషన్లున్నాయి. ఓసారి బావ కాగితం మీద 45 పళ్ల బొమ్మ గీసుకుని పోతే, లేత్ మేస్త్రి కళ్లద్దాలు సర్దుకుని, "గంటకెన్ని బస్తాలు ఎక్కాలె సార్?" అని అడిగాడు. బావ నొచ్చుకున్నాడు. "మనిషి ఎక్కాలె, కొండ ఎక్కాలె" అన్నాడు.

కొండ ఏదీ అన్నది మేస్త్రి అడగలేదు గానీ మేం అడిగాం. మఠంపల్లి చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల సున్నపురాయి క్వారీలున్నాయి, అవి పైకి కాదు, కిందికి. సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారే చోట నేల ఎంత చదునుగా ఉంటుందో వరి వేసేవాడికి వేరే చెప్పాలా? మట్టపల్లి నరసింహస్వామి దగ్గర కృష్ణకి పోవాలంటే దిగుడే, ఎక్కడమంటే తిరిగి ఇంటికి రావడమే. నిజమైన ఎండ్యూరో బండ్లకి వెనక 50 పళ్ల దాకా ఉంటాయి, నిజమే, ఆ బండ్లు పుట్టిన చోట రాళ్ల గుట్టలున్నాయి. మనకున్న అడ్వెంచరల్లా సిమెంటు లారీ ముందుపోతుంటే దాని దుమ్ములో గుంత ఎక్కడుందో కనుక్కోవడం. దానికి పళ్లు కాదు, కళ్లు కావాలి.

అయినా పోయిన వానాకాలం నాట్లప్పుడు పన్నెండు పళ్లకి పరీక్ష పెట్టాల్సిందేనని బావ డొంకలోకి దింపాడు. నల్లరేగడి, రెండు రోజుల ముసురు, పైగా ట్రాక్టరు కేజ్ వీల్స్‌తో తొక్కి పోయిన దారి. మొదటి గేరులో పూర్తి యాక్సిలేటర్ ఇచ్చాడు. బండి లాగింది, నిజంగానే లాగింది, అయితే ముందుకి కాదు, భూమిలోకి. అసలు సంగతి ఏమంటే బురదలో లాగుడు ఎక్కువైతే చక్రం పట్టు వదిలేసి ఉన్నచోటే తిరుగుతుంది. అందుకే తెలిసినవాళ్లు అలాంటి చోట ఒక గేరు పైకి వేసి, యాక్సిలేటర్ సన్నగా పట్టుకుని పోతారు. పట్టు ఇచ్చేది టైరు మీది బొడిపెలు, పళ్లచక్రం మీది పళ్లు కాదు. బావ బండి ఇరుసు దాకా కూరుకుపోయి ఉండగా వెనకనుంచి టీవీఎస్ ఎక్సెల్ మీద ఓ పెద్దాయన వచ్చాడు. మార్చుకోవడానికి గేర్లే లేని బండి. కాళ్ల దగ్గరొకటి, వెనకొకటి యూరియా బస్తాలు, మొత్తం 90 కిలోలు. రెండు కాళ్లూ బురదలో ఈడుస్తూ మెల్లగా పక్కనుంచి దాటుతూ, "ఏందయ్యా, పన్నెండు పళ్లన్నవు, నేలని బానే కరిచిపట్టిందే" అన్నాడు.

ఎవరైనా ఆ సాయంత్రానికి 13కి తిరిగొస్తారు. బావ రాత్రంతా కాగితం మీద భాగహారాలు చేసి, వెనక ఇంకో మూడు పళ్లుంటే వచ్చేసేదని తేల్చాడు.

ఆ పెద్దాయనే మళ్లీ శివరాత్రికి మేళ్లచెరువు జాతరలో ఎదురయ్యాడు. అక్కడ ఎడ్లపందేల్లో గిత్తల్ని పళ్లని బట్టే విడదీస్తారు: పాలపళ్లవి, రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి, ఆపైన సీనియర్లు. బండ లాగిన దూరం కొలుస్తుంటే బావ పక్కవాడితో "పన్నెండు చాల్లేదు, ఏమైనా లాగుడు పెరగాలె" అంటున్నాడు. పెద్దాయన చెవిన పడింది.

"పన్నెండా? ఎనిమిది దాటి పళ్లొచ్చిన ఎద్దుని నా జన్మల చూళ్లే."

"వెనక నలభై మూడేస్తున్న తాతా."

పెద్దాయన కాసేపు నిదానించి, అర్థం కానిదాన్ని వదిలేసి అర్థమైనదాన్ని పట్టుకున్నాడు. "చూడయ్యా, బండ లాగే గిత్తని పరుగు పందెంల కట్టం. పరుగు గిత్త మెడ మీద బండ కాడి పెట్టం. నీకేది కావాలె?"

"రెండూ."

"మేతెంత తింటది?"

ఈ ప్రశ్నకి బావ గుటక మింగాడు. మైలేజీ లెక్క ఆయన ఎప్పుడూ కట్టలేదు. కట్టకూడదన్నది పళ్లచక్రాల శాఖ నియమం. "తాతా, జాతి పశువుకి మేత లెక్క చూస్తరా?" అన్నాడు చివరికి. పెద్దాయన చూస్తామన్నాడు.

ప్రస్తుతం వెనక చక్రం మిర్యాలగూడ లేత్ దగ్గరుంది. బండి ఇంటి ముందు ఇటుకల మీద నిలబడి ఉంది. ఆదివారం లోపు మీలో ఎవరైనా అటు పోయేదుంటే చెప్పండి, బావకి లిఫ్టు కావాలి. అరగంట ముందే రండి. మీ బండి చైను చూడకుండా ఆయన ఎక్కడు.