వీళ్లలో ఫస్టు ఎవురు?

జొహాన్ సెబాస్టియన్ బాఖ్ గారు ఇరవైమంది పిల్లల తండ్రి. అంతమందిని కన్నవాడికి కూడా తల్లిదండ్రుల బుద్ధి అంతుపట్టలేదంటే నమ్మబుద్ధి కాదు. లేకపోతే ఇద్దరి చేతికి రెండు వయొలిన్లిచ్చి, పని సరిసమానంగా పంచి, ఎవరు నెగ్గారో చెప్పకుండానే కచేరీ ముగించే సాహసం చేస్తాడా? లైప్‌జిగ్‌లో చెల్లిందేమో. హోసూరులో చెల్లదు.

డి మైనర్‌లో ఆయన రాసిన ఈ రెండు వయొలిన్ల కన్సర్టో 1730 ప్రాంతానిదని చాలామంది పండితులు అంటారు. మూడు భాగాలు, అంతా కలిపి పావుగంట పైచిలుకు. మన సభల్లో ముఖ్య అతిథి గొంతు సవరించుకోవడానికి పట్టేంత సమయం. ఇది ఇక్కడిదాకా ఎలా వచ్చిందంటారా? బెంగళూరు అపార్ట్‌మెంట్లు అత్తిబెలె దాటి ఇటు పొర్లినప్పుడు వాటి వెంట ఈతకొలను, యోగా, వయొలిన్ క్లాసు కూడా పొర్లాయి. జపాను మాస్టారు సుజుకి పిల్లల కోసం కూర్చిన పుస్తకాల్లో ఈ కన్సర్టో మొదటి భాగం ఉంది. రెండో వయొలిన్ వాయించాల్సింది నాలుగో పుస్తకంలో, మొదటి వయొలిన్ వాయించాల్సింది ఐదో పుస్తకంలో. కొంప ముంచడానికి ఈ ఒక్క వివరం చాలు. నాలుగులో ఉన్న పిల్లకూ ఐదులో ఉన్న పిల్లకూ ఒకే వేదికా?

ఆ క్లాసు వార్షికోత్సవం కల్యాణమండపంలోనే జరుగుతుంది. వెనక తెర మీద మొన్నటి పెళ్లి తాలూకు థర్మకోల్ అక్షరాలు సగం ఊడి ఉంటాయి, వరుడి పేరు పోయి వధువు పేరు మిగిలి. స్వాగతం ఇంగ్లీషులో, ప్రకటనలు తమిళంలో, ముచ్చట్లు తెలుగులో, పార్కింగు దగ్గర తిట్లు కన్నడంలో. ఈ ఊరికి నాలుగు భాషలు వచ్చు, నాలుగింట్లోనూ నోరు మూసుకోవడం మాత్రం రాదు. వయొలిన్లు రెండూ గొంతు కలిపే క్షణానికి మైకు అందుకుంటుంది: టీఎన్ 70 బండి గేటుకు అడ్డంగా ఉంది, దయచేసి తీయండి. బండి యజమాని లేస్తాడు. ఆయన వెంట వరసంతా లేస్తుంది, కాళ్లు పట్టవు కదా.

సరే, శ్రోతల దగ్గరికి వద్దాం. ముందు వరసలో, గడియారాల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఉంటాడు. నాలుగు చరణాలు విని, “ఇది మన టైటాన్ ప్రకటన మాదిరే ఉంది గదప్పా” అంటాడు. చుట్టూ ఉన్న చదువుకున్నవాళ్లు నవ్వుతారు. నవ్వక్కర్లేదు. టైటాన్ గడియారాలు పుట్టింది ఈ హోసూరులోనే. ఆ ప్రకటనలో దశాబ్దాలుగా మోగుతున్నది మొట్సార్ట్ 1773లో, పదిహేడేళ్ల వయసులో రాసిన 25వ సింఫనీ. అదీ మైనర్ స్వరాల్లోదే. ఇంటింటి టీవీలోనూ యూరప్ సంగీతాన్ని మోగించిన ఊరు మనది, ఆ సంగతి ఊరికే తెలియదు. పెద్దాయన చెప్పింది తప్పే అయినా చెవితో విని చెప్పాడు. ఆ సాయంత్రం చెవి వాడినవాడు ఆయనొక్కడే కాబట్టి నా మార్కులు ఆయనకే.

రెండో వరసలో రాగాల డిటెక్టివు. ఈయనకు సంగీతం వినడమంటే నేరస్థుణ్ణి పట్టుకోవడం. “కీరవాణి” అని పక్కవాడి చెవిలో అరుస్తాడు. అర నిమిషం తర్వాత “కాదు, నటభైరవి.” బాఖ్ అలవాటు కొద్దీ స్వరస్థానం మార్చి మరో ఇంట్లోకి వెళ్లగానే ఈయన ముఖం మాడిపోతుంది. “అన్యస్వరం పడింది. పిల్లలకు సాధకం చాలదు.” బాఖ్‌కు మూడు వందల ఏళ్ల కిందట పడిన స్వరానికి ఇవాళ ఏడో తరగతి పిల్ల ముద్దాయి!

భాషాభిమాని గారిది మరో ధోరణి. “త్యాగరాజస్వామి ముందర ఇదంతా యాడ నిలుస్తుంది? ఈ బాఖ్ మన త్యాగయ్యను చూసి కొట్టినాడు సామీ.” బాఖ్ పోయింది 1750లో. త్యాగయ్య పుట్టింది 1767లో. పుట్టకముందే దోపిడీకి గురైన వాగ్గేయకారుడు మన త్యాగయ్య ఒక్కడే అయ్యుంటాడు. మద్రాసులో తెల్లవాడి దగ్గర ఫిడేలు నేర్చి మన సంగీతంలోకి తెచ్చింది బాలుస్వామి దీక్షితులని, ఆయన అన్న ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు బ్యాండు వరుసలకు సంస్కృతంలో సాహిత్యం కట్టాడని చెప్పబోతే ఈయన వినడు. తెలుగు కోసం ప్రాణమిస్తానంటాడు. మనవడికి మాత్రం అ ఆలు రావు. అడిగితే “వాడు ఇంటర్నేషనల్ స్కూలప్పా” అని ఆనందంగా నిట్టూరుస్తాడు.

వీళ్లంతా ఒక ఎత్తు, ఫోన్లు ఒక ఎత్తు. ఇద్దరు పిల్లల తండ్రులూ నడవాలో చెరోపక్క మోకాళ్ల మీద కూర్చుంటారు. కుడివైపు తండ్రి ఫోను తెరలో ఆయన కూతురు నిండుగా ఉంటుంది. పక్కనున్న పిల్ల మోచేయి పొరపాటున తెరలోకి వస్తే ఆయన వేళ్లతో బొమ్మను ఇంకాస్త పెద్దది చేసి ఆ మోచేతిని బయటికి నెట్టేస్తాడు. ఎడమవైపాయనా అదే పని. ఇంటికెళ్లి చూసుకుంటే, ఆ వీడియోలో పిల్ల నాలుగు స్వరాలు వాయించి ఎవరి కోసమో ఆగుతుంది. ఆ ఎవరో కనబడరు. ఇద్దరు మాట్లాడుకుంటున్న సంభాషణ ఇద్దరు తండ్రుల ఫోన్లలో రెండు స్వగతాలయిపోతుంది. దానికి బంధువుల గ్రూపులో నలభై చప్పట్ల బొమ్మలు.

కాఫీ తాగేవాళ్లను మాత్రం నేనేమీ అనను. 1729 నుంచి బాఖ్ నడిపిన సంగీత బృందం వాయించింది లైప్‌జిగ్‌లో జిమ్మర్మన్ అనే ఆయన కాఫీ హోటల్లోనే. ఈ కన్సర్టో కూడా బహుశా అక్కడే మోగి ఉంటుంది. కాబట్టి వెనక వరసలో గ్లాసు చప్పుడు చేస్తున్నవాడే చారిత్రకంగా అసలు సిసలు శ్రోత.

రెండో భాగం లార్గో. ఈ కన్సర్టోకు ప్రాణం అదే. రెండో వయొలిన్ మెల్లగా మొదలుపెడుతుంది, కాసేపటికి మొదటిది పై స్వరంలో అదే మాట అందుకుంటుంది. ఒకటి నిలబడితే మరొకటి నడుస్తుంది, నడిచింది ఆగితే నిలబడింది కదులుతుంది. సరిగ్గా అప్పుడే వార్డు పెద్దాయన వేంచేస్తారు. నిర్వాహకులు పొన్నాడ పట్టుకుని వేదిక మీదికి పరుగెత్తుతారు. పిల్లలు వాయిస్తూనే రెండడుగులు వెనక్కి జరుగుతారు, వాళ్ల ముందు శాలువా, దండ, జ్ఞాపిక, ఫోటో. లార్గో అంతా నేపథ్య సంగీతమైపోతుంది. కొత్తగా వచ్చినవాళ్లు అది నాయకుడి కోసమే పెట్టిన పాట అనుకుని చప్పట్లు కొడతారు.

చప్పట్ల లెక్క కూడా వింతే. మొదటి భాగం అయ్యాక దద్దరిల్లాయి. రెండోది అయ్యాక సగమే. మూడో భాగంలో ఇద్దరూ ఒకరి మడమ ఒకరు తొక్కేంత దగ్గరగా తరుముకుని ముగించాక ఎవరూ కొట్టలేదు. అయిపోయిందో లేదో తెలియక.

కుర్చీలు సర్దే కుర్రాళ్ల పక్కన బేరికె దిక్కునుంచి వచ్చిన నాయనం వాయించే మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు, మరుసటి రోజు ముహూర్తానికి బయానా తీసుకోవడానికి. తిరునాళ్లలో జంట నాయనం పట్టినవాడు. ఒకడు ఊపిరి పీల్చేలోపు రెండోవాడు స్వరం అందుకోకపోతే ఏమవుతుందో ఒంటి మీద తెలిసినవాడు. ఆయన అడిగిందొక్కటే: “ఇద్దురికీ కూలి సమంగానే ఇస్తారా, ముందరోళ్లకు జాస్తీనా?” ఎవరూ జవాబు చెప్పలేదు. కర్ణాటక కచేరీల్లో పక్కవాద్యం ఎక్కడ కూర్చోవాలి, ఎంత పుచ్చుకోవాలి అన్నది ఇప్పటికీ ఎవరూ పైకి చెప్పని లెక్కే. పక్కన కూర్చునే ఫిడేలును నడిమధ్యకు తెచ్చిన మన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వాయిద్యాన్ని 1952లో జస్టిస్ రాజమన్నార్ ఇంట్లో విని పాశ్చాత్య వయొలిన్ విద్వాంసుడు మెనూహిన్ మురిసిపోయాడని చెబుతారు. అదే మెనూహిన్ పదహారేళ్ల వయసులో, 1932లో, తన గురువు ఎనెస్కుతో కలిసి ఈ బాఖ్ కన్సర్టోనే రికార్డు చేశాడు. యాభై ఏళ్ల గురువు, మీసాలు రాని శిష్యుడు, సరిసమానంగా. ఆ కుర్రాడి తల్లిదండ్రులు హోసూరువాళ్లు కాకపోవడం సంగీతం చేసుకున్న పుణ్యం.

ఎందుకంటే సభ ముగిశాక గ్రీన్ రూములో అసలు కచేరీ మొదలవుతుంది.

“మా పాపకు సెకండ్ వయొలిన్ ఎందుకిచ్చినారు మేడం? మేమూ ఫీజు అంతే కడ్తా ఉండాం గదా.”

మేడం ఓపికగా చెబుతుంది: రెండూ సమానమేనండీ. మొదటి భాగం ఎత్తుకునేది రెండో వయొలినే, లార్గో మొదలుపెట్టేదీ రెండో వయొలినే.

“అయితే మొదులుపెట్టినోళ్లే గదా ఫస్టు? సర్టిఫికెట్లో అట్లే రాసీండి.”

ఈ మాట తలుపు అవతల ఉన్న మొదటి వయొలిన్ తల్లికి వినబడింది. ఆమె లోపలికి వచ్చింది. ఆమె వెంట ఆడపడుచు కూడా వచ్చింది. గ్రేడు పరీక్షలో ఎవరికి ఎన్ని మార్కులు, ఎవరు ఎన్నో పుస్తకం, ఎవరి వయొలిన్ ఎంత ఖరీదు, అన్నీ బల్ల మీదికి వచ్చాయి. పిల్లలిద్దరూ మూల కూర్చుని ఒకే టిఫిన్ బాక్సులో పులిహోర తింటున్నారు. వాళ్లనెవరూ ఏమీ అడగలేదు.

చివరికి రాజీ కుదిరింది. సర్టిఫికెట్లు మళ్లీ అచ్చు వేయించారు. ఒకదాని మీద ఫస్ట్ వయొలిన్ – ఎ, ఇంకోదాని మీద ఫస్ట్ వయొలిన్ – బి. ఎ ఎవరికి, బి ఎవరికి అన్నది తేల్చడానికి తల్లిదండ్రుల కమిటీ వేశారు. ఆ కమిటీకి అధ్యక్షులు కూడా ఇద్దరు.