రిసొట్టో సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: వేగిన బియ్యంబునం దరగ్లాసు తీపిలేని తెల్లవైనుం బోసి, యది యింకువఱకుం గలిపి, పిదప వేడిరసంబు గరిటె గరిటెగాఁ బోయునది.

టీక: వేగిన = ఉల్లితో పాటు వెన్నలో గింజ గింజా వేడెక్కిన; బియ్యంబునందు = ఉత్తర ఇటలీలో పండే కర్నరోలీ, అర్బోరియో వంటి బియ్యంలో (సోనా మసూరి అని అర్థం చెప్పినవారు వ్యాకరణం చదివారు, రిసొట్టో తినలేదు); తీపిలేని = ఈస్టు తినగా చక్కెర దాదాపు మిగలని, యూరప్ చట్టం ప్రకారం లీటరుకు 4 గ్రాములు, పులుపు తగినంత ఉంటే 9 గ్రాములు మించని; తెల్లవైనున్ = తొక్కలు తీసేసిన ద్రాక్షరసం పులిస్తే వచ్చినదాన్ని; వేడిరసంబు = మాంసం, ఎముకలు ఉడికించిన నీళ్లు, మన చారు కాదు; అరగ్లాసు = ఎవరి గ్లాసో మూలకర్త చెప్పలేదు. సీసాలో పట్టేది 750 మిల్లీలీటర్లు. మిగిలినది ఏమగునని శిష్యుడు అడుగుతాడు. శాస్త్రం మౌనం, లోకాచారం సుస్పష్టం.

తాత్పర్యం: బియ్యం వేగాక, రసం పడకముందే వైన్ పోయాలి.

విశేషాలు: ముందే ఎందుకు? పొడిగా వేడెక్కిన గిన్నెలో పచ్చివాసన త్వరగా ఎగిరిపోతుంది. రసం పోశాక పోస్తే అందులో కలిసిపోయి అలాగే ఉండిపోతుంది. ఇక్కడ వైన్ చేసే అసలు పని పులుపు ఇవ్వడం. చివర్లో వెన్న, పర్మిజానో చీజ్ కలిపినప్పుడు వచ్చే జిడ్డుదనాన్ని ఆ పులుపే విరుస్తుంది. వైన్‌లోని టార్టారిక్ ఆమ్లం చింతపండులోనూ ఉంది కనుక పులుసు వండే చేతికి ఈ తర్కం కొత్త కాదు. ఓక్ పీపాల వాసన బాగా పట్టిన షార్డొనే మాత్రం వద్దు, ఇగిరితే చేదెక్కుతుంది. ‘కుకింగ్ వైన్’ అని అమ్మేదాంట్లో ఉప్పు కలుపుతారు, అదీ వద్దు.

పాఠాంతరం: 1891లో తొలిసారి అచ్చయిన పెల్లెగ్రీనో ఆర్తూసి వంటల గ్రంథంలో మిలాను రిసొట్టోకు వైన్ లేని పాఠమూ ఉంది, తెల్లవైన్ పాఠమూ ఉంది. రెండో పాఠమే సాధువని ఈ వ్యాఖ్యాత మతం.

పూర్వపక్షం: ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి పూర్తిగా పోతుంది కదా?

సిద్ధాంతం: పోదు. వంటకంలో కలిపి 15 నిమిషాలు ఉడికించినా 40 శాతం నిలుస్తుందని అమెరికా వ్యవసాయశాఖ పట్టిక. అందువల్ల మద్యం ముట్టని అతిథి భోజనానికి వస్తే, వడ్డించే ముందే చెప్పండి. ఆ పూటకు ఆర్తూసి మొదటి పాఠం ఎలాగూ ఉంది.