ఎల్-వన్ మావయ్య

మా వీధిలో అందరూ ఆయన్ని ఎల్-వన్ మావయ్య అనే పిలుస్తారు. స్టీల్ ప్లాంటులో ముప్పై ఏళ్ళు టెండర్లు తెరిచి రిటైరయ్యాడు. అందరికంటే తక్కువ కోట్ చేసినవాడే ఎల్-వన్. ఆ మాట ఆయన నాలిక మీంచి ఇంకా దిగలేదు. గాజువాకలో వంకాయలు కొనాలన్నా మూడు కోటేషన్లు కావాలి. పెళ్ళిచూపులప్పుడు కూడా కంపారిటివ్ స్టేట్‌మెంట్ వేశాడట. తను అందులో ఎన్నోదో అత్తయ్యకి ఇప్పటికీ చెప్పలేదు.

ఆయనకో కుక్క. ఊరకుక్కే. బ్లాస్ట్ ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని ముద్దుగా పేర్లు పెట్టుకున్న ప్లాంటులో పనిచేసినవాడు, కుక్కకి మాత్రం ఉక్కుదిమ్మ పేరు, బిల్లెట్ అని పెట్టాడు. దీపావళి రాత్రి లక్ష్మీబాంబు పేలగానే బిల్లెట్ గోడ దూకేసింది. మావయ్య ఉక్కునగరం సెక్టార్లన్నీ స్కూటర్ మీద తిరిగి, అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. తెల్లారాక చూస్తే అది కూర్మన్నపాలెం జంక్షన్లో టీకొట్టు బల్ల కింద ఉంది. ఆయన ఏడ్చాడని అత్తయ్య అంటుంది. పటాసుల పొగ అంటాడు ఆయన.

వారం తిరక్కుండా ఫైలు తెరిచాడు. నిజం ఫైలే, దారం కట్టిన అట్టఫైలు. మీద 'విషయం: శునకము జాడ తెలుపు పరికరము కొనుగోలు' అని గుండ్రటి దస్తూరి.

"ఎయిర్‌టాగ్ కొనండి మావయ్యా. 11 గ్రాములే, బ్యాటరీ ఏడాది వస్తుంది" అన్నాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని టెక్నికల్ బిడ్ మొదలెట్టాడు. దాన్లో జీపీఎస్ లేదు. దగ్గర్లో ఎవరి చేతిలోనో ఐఫోన్ ఉంటే బ్లూటూత్‌తో దానికి సైగ చేస్తుంది, ఆ ఫోను మనకి కబురు చేరుస్తుంది.

"అంటే మా బిల్లెట్ ఐఫోన్లున్నవాళ్ళ వెనకాలే తప్పిపోవాలన్నమాట!"

పైగా అది వస్తువులకే తప్ప జంతువులకి కాదని 2021లో కంపెనీవాళ్ళే అన్నారని తెలిసింది. ఎర్రసిరా పడింది.

తర్వాత జీపీఎస్ పట్టీ. నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందితే తనెక్కడుందో లెక్కగట్టి, లోపలున్న సిమ్ముతో మనకి చెబుతుంది. పట్టీకి చార్జింగు, సిమ్ముకి రీచార్జి. "ఇంట్లో మూడు సిమ్ములకే నా పెన్షన్ నీరసపడుతోంది, నాలుగోది కుక్కకా?" అన్నాడు. మైక్రోచిప్ మాత్రం తెగ నచ్చింది. బియ్యపుగింజంత, చర్మం కింద పెడతారు, 15 అంకెల నెంబరు. అచ్చం ఎంప్లాయీ నెంబరే! కానీ రీడరు ఆనిస్తేనే ఆ నెంబరు పలుకుతుంది, కుక్కెక్కడుందో చెప్పదు. "దొరికాక మాట్లాడేదానితో నాకేం పని?"

పోర్టులో పనిచేసే బావమరిది భోజనానికొచ్చి, "సముద్రం మధ్యన లంగరేసిన ఓడ పేరు కూడా ఓడల జాడ చెప్పే ఏఐఎస్‌లో కనబడుతుంది బావా" అని ఊరించాడు. విదేశాలకెళ్ళే సరుకు ఓడలకి 300 గ్రాస్ టన్నులు, ఆపైన ఉంటేనే అది తప్పనిసరని అతనే మళ్ళీ చెప్పాడు. మావయ్య బిల్లెట్‌ని ఎత్తి తూచాడు. 18 కిలోలు. అదీ రాసుకున్నాడు.

కార్తీకం పోయింది, సంక్రాంతి పోయింది, ఉగాది కూడా వచ్చేసింది. ఫైలు లావెక్కింది. బిల్లెట్ కూడా లావెక్కింది. అదెందుకో కూర్మన్నపాలెం టీకొట్టావిడ చెప్పేదాకా తెలీలేదు.

"మీరు పూజలో కూకున్న ఏలకి మీ కుక్క రోజూ ఇక్కడికే వత్తాది గదా బాబూ. సీ షిఫ్టోల్లతో పాటు రెండు బిస్కెట్లు తిని ఎలిపోద్ది. రాకపోతే నాను ఫోను సేత్తాను, సాలా?"

మావయ్య వేళ్ళ మీద లెక్కేశాడు. రోజుకి రెండు బిస్కెట్లు. ఎల్-వన్! కానీ గడువు దాటి వచ్చిన బిడ్డు. తెరవడానికి రూల్సు ఒప్పుకోవు. అక్కడికక్కడే పాత టెండరు రద్దుచేసి మళ్ళీ పిలిచాడు. అత్తయ్య వీడియోకాల్లో వంటగదిలోంచి గరిటె ఊపి ఫైనాన్స్ ఆమోదం తెలిపింది.

సంతకం పెట్టబోతూ టీకొట్టావిడ ఆగింది. "మరి బిస్కెట్ పేకట్టు రేటు పెరిగితేనో?"

మావయ్య మొహం వెలిగిపోయింది. రిటైరయ్యాక ఆయన్ని ఎస్కలేషన్ క్లాజు అడిగినవాళ్ళు లేరు. వెంటనే బల్ల మీద కాగితం పరిచి, పెన్ను విదిలించి, 'క్లాజు 1(ఎ)' అని మొదలెట్టాడు. బల్ల కింద బిల్లెట్ మూడో బిస్కెట్ నములుతోంది.